57 తరవాత 58

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంవారు ఫోన్ చేస్తే, అమెరికా బొమ్మల పుస్తకాల పాత సంచికల గురించి రాస్తానన్నాను. అవతల కాసేపు మాట లేదు. "మన బడికీ దానికీ సంబంధం ఏమిటండీ?" అన్నారు చివరికి. సంబంధం ఉంది. అది చెప్పాలంటే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి.

1970ల్లో మన బడిలో చదివినవాళ్లకు లిఖిత పత్రిక గుర్తుండే ఉంటుంది. తెలుగు మాస్టారు పూనుకుని పెట్టించారు. అచ్చు కాదు, అంతా చేతిరాతే. దస్తూరి బాగున్నవాళ్లు ఠావు కాగితాల మీద రాసేవారు. బొమ్మలు వచ్చినవాళ్లు బొమ్మలు వేసేవారు. మాస్టారు దారంతో కుట్టి అట్ట వేసేవారు. సంచికకు ఒక్కటే ప్రతి. లైబ్రరీ బల్ల మీద పెడితే వంతులేసుకుని చదివేవాళ్లం. మొత్తం తొమ్మిది సంచికలు వచ్చాయి. వాటిలో 2 నుంచి 6 దాకా మా తరగతి మిత్రుడొకడు సీరియల్ రాశాడు. ఐదుగురు కుర్రాళ్లు, ఒక్కొక్కడికి ఒక్కో శక్తి, అందరూ కలిసి ఊరి చెరువుకు గండి పడకుండా కాపాడతారు. అందులో బొమ్మలు చూసి వేసుకుంటానని 4వ సంచిక ఇంటికి పట్టుకెళ్లింది నేనే. తిరిగి ఇవ్వలేదు. వేసవి సెలవుల్లో మేం ఇల్లు మారినప్పుడు పాత పుస్తకాలతో పాటు అదీ తూకానికి వెళ్లిపోయింది.

ఇరవై ఏళ్ల తరవాత మా బ్యాచ్ కలుసుకున్నప్పుడు ఆ మిత్రుడు "ఒరేయ్, నా నాలుగో సంచిక ఏదిరా?" అని నవ్వుతూనే అడిగాడు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను. వాడు రెండేళ్ల కిందట పోయాడు. పెద్దకర్మకు వెళ్తే వాళ్లమ్మాయి అడిగింది, "అంకుల్, నాన్న చిన్నప్పుడు రాసిన కథ మీ దగ్గరేమైనా ఉందా?" అని. ఈసారి నవ్వి ఊరుకోవడానికి లేకపోయింది.

ఇక అమెరికా సంగతి. ఉద్యోగరీత్యా 1990ల్లో కొన్నేళ్లు డెట్రాయిట్ శివార్లలో ఉన్నాను. మా ఆఫీసులో ఒక పెద్దాయన పర్సులో చిన్న కాగితం మడిచి పెట్టుకునేవాడు. దాని నిండా అంకెలే, కొన్ని కొట్టేసి, కొన్ని అలాగే. లాటరీ నంబర్లనుకున్నాను. ఒక శనివారం నన్ను పాత కామిక్స్ అమ్మే దుకాణానికి తీసుకెళ్లాడు. పొడుగాటి అట్టపెట్టెల నిండా పుస్తకాలు. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, వంగిపోకుండా వెనక అట్టముక్క ఉంచి, వరస నంబర్లతో పేర్చి ఉన్నాయి. ఆయన కాగితం తీసి, వేలితో ఒక్కొక్కటే జరుపుతూ గంటసేపు వెతికాడు. 'జస్టిస్ లీగ్ ఆఫ్ అమెరికా'లో తన దగ్గర లేని సంచికలవి. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు. తిరిగి వస్తూ, "ఈ పిచ్చి ఒక ఉద్యమంగా మొదలైంది మన డెట్రాయిట్‌లోనే తెలుసా?" అని కథ మొదలుపెట్టాడు. ఆ తరవాత ఆసక్తి కొద్దీ నేనూ చదివి తెలుసుకున్నాను.

భోజనాల బల్ల దగ్గర పుట్టిన జట్టు

1940 చివర్లో న్యూయార్కు నుంచి 'ఆల్ స్టార్ కామిక్స్' 3వ సంచిక వచ్చింది. ధర 10 సెంట్లు. మొదటి రెండు సంచికల్లో ఒక్కో వీరుడి కథ విడివిడిగా ఉండేది. మూడోదానిలో సంపాదకుడు షెల్డన్ మేయర్, రచయిత గార్డ్‌నర్ ఫాక్స్ కలిసి వీరులను ఒక్క చోటికి చేర్చారు. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, హాక్‌మ్యాన్, డాక్టర్ ఫేట్, అవర్‌మ్యాన్, స్పెక్టర్, శాండ్‌మ్యాన్, ఆటమ్, మొత్తం ఎనిమిది మంది. పిలవని పేరంటంగా జానీ థండర్ అనేవాడూ వచ్చి కూర్చున్నాడు. సంఘం పేరు జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా. కామిక్స్‌లో సూపర్ హీరోల జట్టుకు అదే ఆది. తమాషా ఏమిటంటే, ఆ సంచికలో వాళ్లు కలిసి చేసిన యుద్ధమేమీ లేదు. భోజనానికి కూర్చుని ఎవరి ఘనకార్యం వాళ్లు చెప్పుకున్నారు, అంతే. మన పూర్వ విద్యార్థుల సమావేశాలు తెలిసినవాళ్లకు ఇందులో వింత కనిపించదు.

ఆ సంఘానికి నియమావళి కూడా ఉండేది. సొంత పేరుతో పత్రిక వచ్చినవాడు గౌరవ సభ్యుడైపోయి, కొత్తవాళ్లకు చోటు వదలాలి. అలా ఫ్లాష్, తరవాత గ్రీన్ లాంటర్న్ పక్కకు తప్పుకున్నారు. వండర్ వుమన్ తొలిసారి పాఠకులకు కనిపించింది ఈ పత్రిక 8వ సంచికలోనే, 1941 చివర్లో. అంతటి బలశాలిని సంఘంలోకి తీసుకుని కార్యదర్శి పని అప్పజెప్పారు. మగవాళ్లు యుద్ధాలకు వెళ్తే ఆమె మినిట్సు రాయాలి! దీని మీద అభిమానులు తరవాతి కాలంలో చాలా వాదించుకున్నారు, న్యాయంగానే.

యుద్ధం ముగిశాక జనానికి సూపర్ హీరోల మీద మోజు తగ్గింది. 1951 ఫిబ్రవరి-మార్చి నాటి 57వ సంచికతో జస్టిస్ సొసైటీ కథలు ఆగిపోయాయి. తరవాతి నెలల్లో 58వ నంబరు వేసుకుని వచ్చినది 'ఆల్ స్టార్ వెస్టర్న్'. అందులో గుర్రాలూ కౌబాయిలూ తప్ప పాత వీరులు లేరు. వీడ్కోలు మాట కూడా లేకుండా జట్టు మాయమైంది.

పుస్తకాలు ఎలా పోయాయి

3 నుంచి 57 దాకా లెక్కవేస్తే 55 సంచికలు. అప్పట్లో అచ్చయిన ప్రతులు తక్కువేమీ కాదు. మరి పదేళ్లు తిరిగేసరికి అవి దొరకడం ఎందుకంత కష్టమైంది?

మొదటి కారణం యుద్ధం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పాత కాగితం పోగుచేసి ఇమ్మని పిల్లలకు పిలుపునిచ్చారు. పిల్లలు దేశభక్తితో బళ్లకొద్దీ కామిక్స్ ఇచ్చేశారు. రెండోది భయం. కామిక్స్ చదివితే పిల్లలు చెడిపోతారన్న మాట 1940ల చివరికి బలపడింది. 1948లో వెస్ట్ వర్జీనియాలోని స్పెన్సర్ పట్టణంలో బడి పిల్లలే ఇంటింటికీ తిరిగి సుమారు 2000 పుస్తకాలు పోగుచేసి, బడి దగ్గరే మంట పెట్టారు. 1954లో ఫ్రెడ్రిక్ వర్థం అనే మనోవైద్యుడు రాసిన పుస్తకం ఆ భయాన్ని ఇంకా పెంచింది. మూడోది అమ్మకం పద్ధతి. కొట్లో మిగిలిన పుస్తకాలు ప్రచురణకర్త ఖాతాకు వాపసు కింద వెళ్లిపోయేవి తప్ప, వెనకటి సంచిక కావాలంటే ఇచ్చే దుకాణమే లేదు. నాలుగోది కాగితం. చవక న్యూస్‌ప్రింట్‌లో ఉండే ఆమ్లం వల్ల అది దానంతటదే పసుపెక్కి, పెళుసై, మడత దగ్గర విరిగిపోతుంది. ఇక ఐదో కారణం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. పిల్లలు పెద్దవాళ్లవుతారు, ఇళ్లు మారతారు, ఇంట్లోవాళ్లు అటక శుభ్రం చేస్తారు.

ఒక ఉత్తరం, దానికొచ్చిన జవాబు

జెర్రీ బెయిల్స్ 1933లో పుట్టాడు. జస్టిస్ సొసైటీ మొదలైనప్పుడు ఏడేళ్లవాడు, ఆగిపోయినప్పుడు పదిహేడేళ్లవాడు. పెద్ద చదువులు చదివి డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీలో విజ్ఞానశాస్త్ర అధ్యాపకుడయ్యాడు. కానీ ఆ 55 సంచికలను మరచిపోలేదు. రచయిత గార్డ్‌నర్ ఫాక్స్ తన కథలున్న పాత సంచికలు బైండు చేయించి దాచుకున్నాడని తెలిసి, వాటి కోసం ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి, చివరికి కొనుక్కున్నాడు.

రాయ్ థామస్ 1940 నవంబరులో మిజోరి రాష్ట్రంలోని జాక్సన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అంటే 3వ సంచికా ఆయనా ఇంచుమించు ఒక ఈడువాళ్లు. చిన్నబడిలో ఉండగానే సొంతంగా బొమ్మలు వేసి, కథ రాసి, 'ఆల్ జయంట్ కామిక్స్' అని పేరు పెట్టి ఇంట్లోవాళ్లకూ స్నేహితులకూ చదవడానికిచ్చేవాడు. ఇది చదివినప్పుడు నాకు మన లిఖిత పత్రిక గుర్తొచ్చింది.

1960లో జూలియస్ ష్వార్ట్జ్ అనే సంపాదకుడు పాత జట్టును కొత్త రూపంలో తెచ్చాడు. 'సొసైటీ' తీసేసి 'లీగ్' అని పెట్టాడు. రాసింది మళ్లీ గార్డ్‌నర్ ఫాక్సే. అది చూసిన థామస్ ఆ ఏడాది చివర్లో ఫాక్స్‌కు ఉత్తరం రాశాడు, పాత 'ఆల్ స్టార్' సంచికలు ఏమైనా అమ్ముతారా అని. తన ప్రతులు డెట్రాయిట్‌లో ఒకాయనకు ఇచ్చేశానని చెప్పి, ఫాక్స్ బెయిల్స్ చిరునామా పంపాడు. ఆయన "లేవు" అన్న ఒక్క మాటతో సరిపెట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. బెయిల్స్‌కు 27 ఏళ్లు, థామస్‌కు 20. ఇద్దరూ ఒకరికొకరు పేజీలకు పేజీలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఏ సంచికలో ఏ సభ్యుడున్నాడు, ఎవరు ఎప్పుడు మానేశారు, బొమ్మలు ఎవరు వేశారు, ఇలా అంతు లేదు.

1961 ఫిబ్రవరిలో బెయిల్స్ న్యూయార్కు వెళ్లి ష్వార్ట్జ్‌ను కలిశాడు. ష్వార్ట్జ్ కూడా ఒకనాటి అభిమానే. 1932లో కుర్రవాడిగా ఉండగా సైన్స్ ఫిక్షన్ అభిమానుల కోసం చిన్న పత్రిక నడిపినవాడు. అలాంటి పత్రికల సంగతి ఆయన దగ్గర విని వచ్చిన బెయిల్స్, తిరిగొచ్చిన వారాల్లోనే, మార్చి నెలాఖరుకు 'ఆల్టర్ ఈగో' మొదటి సంచిక తీశాడు. అచ్చు ఖర్చు పెట్టుకోలేక స్పిరిట్ డూప్లికేటర్ మీద తీశాడు. మన బడిలో ప్రశ్నపత్రాలు తీసే సైక్లోస్టైల్ యంత్రానికి అది దాయాది. అక్షరాలు వంగపండు రంగులో వస్తాయి, ఎండ తగిలితే వెలిసిపోతాయి. అందులో థామస్ జస్టిస్ లీగ్ మీద ఒక హాస్య కథ రాశాడు. అదే ఏడాది, పాత సంచికలు అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ కలపడానికి బెయిల్స్ 'ది కామికలెక్టర్' అనే ప్రకటనల పత్రిక కూడా పెట్టాడు.

ష్వార్ట్జ్ ఇంకో మేలు చేశాడు. తన పత్రికల్లో ఉత్తరాల పేజీలో పాఠకుల పేర్లతో పాటు పూర్తి చిరునామాలు అచ్చు వేయించాడు. ఈ పిచ్చి ఊళ్లో తనొక్కడికే ఉందనుకుంటున్న కుర్రాడికి ఇంకో రాష్ట్రంలో తనలాంటివాడు కనిపించాడు. తన దగ్గర రెండేసి ఉన్నవి పంపి, లేనివి తెప్పించుకోవడం మొదలైంది. మా ఆఫీసు పెద్దాయన పర్సులోని కాగితం లాంటివి అప్పుడే వేల జేబుల్లోకి చేరాయి.

పోగుచేసినందువల్ల ఏమొచ్చింది

ఇది పనిలేనివాళ్ల సరదా అనుకునేవాళ్లకు రెండు సంగతులు చెప్తాను.

ఆ రోజుల్లో చాలా కామిక్స్ కథలకు రాసినవాడి పేరుగానీ బొమ్మ వేసినవాడి పేరుగానీ ఉండేది కాదు. పేజీకింత అని డబ్బు పుచ్చుకుని వెళ్లిపోయిన పనివాళ్లు వాళ్లు. అభిమానులు పాత సంచికలు పక్కపక్కన పెట్టి, గీత తీరు చూసి, ముసలివాళ్లైన చిత్రకారులకు ఉత్తరాలు రాసి, ఏది ఎవరి పనో తేల్చారు. బెయిల్స్ మరో అభిమాని హేమ్స్ వేర్‌తో కలిసి 1973-76 మధ్య నాలుగు సంపుటాల్లో ఆ పనివాళ్లందరి జాబితా ప్రచురించాడు. పాత పుస్తకాలను మైక్రోఫిల్ము కూడా తీయించాడు. తాము కొన్న పుస్తకం తమకే ఉండాలని కాకుండా, నలుగురికీ అందాలని చేసిన పని అది.

రెండోది 'విలియం విల్సన్ వీలునామా' అనే జస్టిస్ సొసైటీ కథ. 1940ల్లో రాసి, బొమ్మలు వేసి కూడా అచ్చు వేయలేదు. 1949లో దాన్ని పద్దుల్లోంచి కొట్టేశారు. 1960ల చివర్లో అసలు బొమ్మల కాగితాలను అడ్డంగా మూడేసి ముక్కలుగా కోసి పారేస్తుంటే, అక్కడ ఉన్న కుర్ర అభిమానులు దొరికినన్ని ముక్కలు ఇంటికి పట్టుకెళ్లారు. తరవాత దశాబ్దాల పాటు రాయ్ థామస్ ఒక్కొక్కరినీ అడిగి ఆ ముక్కలు జతచేస్తూ వచ్చాడు. ఇప్పటికీ పూర్తిగా దొరకలేదు. దొరికినంత మాత్రం అచ్చు వేశాడు.

లోపం చెప్పకపోతే చరిత్ర కాదు. 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ పాత కామిక్స్ ధరల పుస్తకం తీసినప్పటి నుంచి సేకరణలో డబ్బు వాసన చేరింది. చదవడానికి కాక, ధర పెరిగాక అమ్ముకోవడానికి కొనేవాళ్లు వచ్చారు. 3వ సంచిక లాంటివి మామూలు ఉద్యోగస్తుడి చేయి దాటిపోయాయి. మా పెద్దాయన దీని గురించి ఒకటే అనేవాడు: "విప్పి చదవని పుస్తకం పోయినదానితో సమానం." నేను మాత్రం ఆయన పుణ్యమా అని ఒకసారి ఈస్ట్ లాన్సింగ్‌లోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయం చూశాను. లక్షల కామిక్స్ ఉన్న సేకరణ అది. ఎవరైనా వెళ్లి అడిగితే తెచ్చి బల్ల మీద పెడతారు, కూర్చుని చదువుకోవచ్చు. ఒకప్పుడు బడి దగ్గర తగలబెట్టిన పుస్తకాలకు విశ్వవిద్యాలయంలో దక్కిన గౌరవం అది.

ఇక థామస్ సంగతి. హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటున్న ఆయన 1965లో కామిక్స్ రాసే ఉద్యోగంలో చేరాడు. మార్వెల్‌లో 'అవెంజర్స్' చాలాకాలం రాశాడు. 1972లో స్టాన్ లీ తరవాత అక్కడ ప్రధాన సంపాదకుడయ్యాడు. 1981లో 'ఆల్ స్టార్ స్క్వాడ్రన్' మొదలుపెట్టి, తన చిన్ననాటి కథల్లో మిగిలిన ఖాళీలను పూరించాడు. బెయిల్స్ 2006లో కన్నుమూశాడు.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది ఒక చిన్న అంకె. అభిమానుల ఉత్తరాల పోరు ఫలించి 1963లో పాత సొసైటీ, కొత్త లీగ్ ఒకే కథలో కలుసుకున్నాయి. ఆ తరవాత ఏటా కలుస్తూ వచ్చాయి. 1976 మొదట్లో 'ఆల్ స్టార్ కామిక్స్' మళ్లీ సొంతంగా వచ్చింది. అట్ట మీద ఒకటో నంబరు వేయలేదు. 58 అని వేశారు. 1951లో ఆగిన చోటు నుంచి పాతికేళ్ల తరవాత లెక్క కొనసాగింది. మధ్యలో ఆ 57ను గుర్తుపెట్టుకున్నవాళ్లు ఉన్నారు కనకనే 58కి అర్థం ఉంది.

మన సంచికలు

ఇప్పుడు మన బడికి వస్తాను. చందమామ పాత సంచికలు భద్రంగా దాచుకున్నవాళ్లు మన సంఘంలోనే ఎందరో ఉన్నారు. చందమామ ఏ మూలైనా ఇంకో ప్రతి ఉంటుంది. మన లిఖిత పత్రికకు రెండో ప్రతి లేదు. బెయిల్స్ పద్ధతిలోనే నేనూ ఏడాదిగా ఉత్తరాలూ ఫోన్లూ మొదలుపెట్టాను. ఇప్పటికి మూడు దొరికాయి. 2వది మన డ్రాయింగు మాస్టారి ఇంటి అటక మీద, 5వది బరోడాలో స్థిరపడిన మన అక్కయ్య ఒకావిడ పెట్టెలో, 9వది అట్ట లేకుండా మన ఊళ్లోనే. మూడింటినీ ఫోటోలు తీయించాను. నా పర్సులో ఇప్పుడొక కాగితం ఉంది. దాని మీద 1, 3, 4, 6, 7, 8 అని రాసి ఉంది.

4 తిరిగి వస్తుందన్న ఆశ నాకు లేదు. దాన్ని పోగొట్టింది నేనే కదా. కానీ ఆ రోజుల్లో కొందరు తమకు నచ్చిన కథలు నోటుబుక్కుల్లో ఎక్కించుకునేవారు. ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క పేజీ అయినా చాలు. నాకు గుర్తున్న మేరకు ఆ భాగం కథను రాసి, పైన "ఇది గుర్తున్నంత మాత్రమే" అని స్పష్టంగా పెట్టి, వాళ్లమ్మాయికి ఇచ్చాను. పదకొండు వాక్యాలు వచ్చాయి. ఆ పిల్ల రెండుసార్లు చదువుకుని, "మరి గండి పూడ్చారా అంకుల్?" అని అడిగింది. అది 6వ సంచికలో ఉంది.

మిత్రులారా, ఈ సంచిక చదివాక ఒక్కసారి మీ అటకలు, ట్రంకు పెట్టెలు వెతకండి. దొరికినవి సంఘం కార్యాలయంలో చూపించండి. ఫోటో తీసుకుని మీ ప్రతి మీకే ఇచ్చేస్తాం. సంఘం పెద్దలకు కూడా ఒక మనవి. మన బడి పిల్లలు మళ్లీ లిఖిత పత్రిక మొదలుపెడితే అట్ట మీద ఒకటో నంబరు వేయవద్దని చెప్పండి. 10 అని వేయమనండి.